ఎర్రమట్టి ఊళ్లో కుండీ మొక్క: మట్టి పని వేరు, ఎరువు పని వేరు

జూలైలో మా ఒడిశాలోని రాయగడలో వాన పట్టిందంటే వారం రోజులు గుమ్మం దాటనివ్వదు. అలాంటి ఒక వారంలోనే నా మొదటి మిరప మొక్కలు ఆరూ చనిపోయాయి. అవి వానలో లేవు. ఇంటి లోపల, కిటికీ పక్కన, ఎంతో ముచ్చటపడి కొన్న కుండీల్లో ఉన్నాయి. ఆకులు వాలిపోతుంటే దాహమేమో అనుకుని నీళ్లు పోశాను. పసుపు రంగుకు తిరుగుతుంటే బలం చాలలేదేమో అనుకుని చెంచాడు యూరియా వేశాను. చివరికి పీకి చూస్తే వేళ్లు గోధుమ రంగుకు మారి, వేలితో నొక్కితే పైపొర ఊడివస్తూ, మురుగు వాసన కొట్టాయి. ఆ మొక్కలకు ఊపిరాడలేదు. నేను వాటికి తిండి మీద తిండి పెడుతూ పోయాను.

కొత్తగా కుండీల్లో పెంచాలనుకునేవారు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ మట్టి వాడాలి, ఏ ఎరువు వెయ్యాలి. జవాబులకు కొదవ ఉండదు. పొలం ఉన్న మేనమామ భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు వెయ్యమంటాడు. పక్కింటి పిన్నిగారు బియ్యం కడిగిన నీళ్లు చాలంటారు. కొట్టులో రంగురంగుల సీసాలు చూపిస్తారు. ఫోనులో చూసిన వీడియో వీళ్లందరినీ కాదంటుంది. వీళ్లలో అబద్ధం చెప్పేవారు ఎవరూ లేరు. ఒకరు ఎకరం పొలాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నారు, ఒకరు పెరట్లోని నేలను, మరొకరు అసలు మట్టే లేని పెంపకాన్ని. పది లీటర్ల కుండీ ఈ మూడింటిలో ఏదీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు మన నేల సంగతి చూద్దాం. రాయగడ, కోరాపుట్, గుణుపురం చుట్టూ తవ్వితే దొరికేది చాలాచోట్ల ఎర్రమట్టి. లక్షల ఏళ్లుగా కురిసిన వానలు ఈ కొండరాళ్లలోని సున్నాన్ని, మెగ్నీషియంను, చివరికి సిలికాను కూడా కడిగేసి, ఇనుమునూ అల్యూమినియంనూ మిగిల్చాయి. ఇనుము వల్లే ఆ ఎరుపు. ఇదే కడుగుడు కొండల తలల మీద ఇంకా తీవ్రంగా జరిగినచోట అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ ఏర్పడింది. కోరాపుట్ జిల్లాలోని పంచపట్‌మాలి కొండల మీద అల్యూమినియం సంస్థ నాల్కో తవ్వుతున్నది దాన్నే. అంటే ఆ గనికీ, మన పెరట్లోని పులుపు మట్టికీ మూలం ఒకటే.

పులుపు అని ఊరికే అనలేదు. ఈ ఎర్రమట్టిలో ఉదజని సూచిక, అంటే పీహెచ్, చాలాచోట్ల 5కీ 6కీ మధ్య ఉంటుంది (7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు). మిరపకు, టమాటాకు 6 నుంచి 6.8 వరకు హాయిగా ఉంటుంది. పులుపు మట్టిలోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టుకుని వేళ్లకు అందకుండా బిగించేస్తాయి. అందుకే ఇక్కడి రైతు సున్నం చల్లుతాడు, డీఏపీ మీద ఆధారపడతాడు. వేసిన భాస్వరంలో పెద్ద భాగం నేల మింగేస్తుందని అతనికి అనుభవం నేర్పింది. మేనమామ సలహాలో ఆ అనుభవం ఉంది, అది పొలానికి నూటికి నూరుపాళ్లు సరైనది. కుండీలో ఎర్రమట్టి ఐదో వంతుకు మించకుండా, మిగతాది కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు అయినప్పుడు భాస్వరాన్ని మింగే నోరు చాలా చిన్నదవుతుంది. అక్కడ డీఏపీ గుప్పిస్తే అది ఇనుము, జింకు అందకుండా అడ్డుపడుతుంది. లేతాకులు పాలిపోతాయి. చూసినవారు దాన్ని కూడా బలహీనతే అనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు.

ఎరువు దగ్గరికి మళ్లీ వద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవలసింది నీటి సంగతి. ఎందుకంటే కొత్తవారి మొక్కల్ని ఎక్కువగా చంపేది అదే.

పొలంలో పడ్డ నీరు కిందికి దిగుతూనే ఉంటుంది, కింద ఇంకా మట్టి ఉంది కాబట్టి. కుండీలో మట్టి అడుగుకు రాగానే ఆగుతుంది, కింద గాలి తప్ప ఏమీ లేదు. రంధ్రం ఉన్నా సరే, మట్టి రేణువుల మధ్య నీటిని పట్టి ఉంచే బలం భూమి ఆకర్షణతో తులతూగే ఎత్తు వరకు నీరు నిలిచే ఉంటుంది. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజిని నిండా తడిపి పళ్లెం మీద పడుకోబెట్టినట్టు పట్టుకోండి. కారడం ఆగాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. స్పాంజి అదే, నీరు అదే, మారింది ఎత్తు ఒక్కటే. వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే అందమైన కుండీల్లో మిరప ఎందుకు కుళ్లుతుందో ఈ స్పాంజి చెబుతుంది. అదే మట్టిని లోతైన బకెట్‌లో పోస్తే పైన వేళ్లకు ఊపిరి పీల్చుకునే చోటు మిగులుతుంది.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. కుండీ అడుగున గులకరాళ్లు, పెంకులు పరిస్తే నీరు బాగా జారుతుందని దాదాపు ప్రతి ఇంట్లోనూ నమ్ముతారు. మా అమ్మ కూడా నమ్మింది. నిజానికి సన్నని మట్టిలోని నీరు, అది పూర్తిగా తడిసి నిండేవరకు, ముతక రాళ్ల మధ్య ఉన్న ఖాళీలోకి దిగదు. కాబట్టి తడి పొర రాళ్ల పైకి జరుగుతుంది. పది అంగుళాల కుండీలో రెండు అంగుళాల రాళ్లు వేస్తే, వేళ్లకు ఎనిమిది అంగుళాల కుండీ మిగిలినట్టే, బురద మాత్రం తగ్గదు. మట్టి కొట్టుకుపోకుండా రంధ్రం మీద ఒక ముక్క కొబ్బరి పీచు గానీ దోమతెర గుడ్డ గానీ వేస్తే చాలు.

మరి మట్టి ఎలా ఉండాలి? మీ పెరటి మట్టి ఎలాంటిదో ముందు చూసుకోండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీరు పోసి బాగా గిలకొట్టి పక్కన పెట్టండి. నిమిషంలో అడుగున పేరుకునేది ఇసుక. ఆ తర్వాత కొన్ని గంటల్లో దిగేది ఒండ్రు. మర్నాటికి కూడా నీటిని ఎర్రగా ఉంచి, మెల్లగా పైపొరగా పేరుకునేది బంకమన్ను. మా ఇంటి మట్టిలో సగానికి దగ్గరగా బంకమన్ను తేలింది. దానికి తోడు మెత్తగా ఉంటుందని నేను పుట్టమన్ను కూడా కలిపాను. చెదలు తమ గూడు గట్టిగా నిలవడానికి ఏరి కూర్చిన బంకమట్టి అది. విగ్రహాలు చేయడానికి శ్రేష్ఠమైన మట్టి. కుండీలో నాలుగు సార్లు నీళ్లు పడితే ఇటుకలా బిగిసిపోతుంది.

ఇప్పుడు నేను కలిపే మిశ్రమం ఇది. ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మికంపోస్టు గానీ రెండు పాళ్లు, వడ్ల ఊక రెండు పాళ్లు, నాగావళి ఇసుక లాంటి ముతక ఇసుక ఒక పాలు. తూకం వద్దు, ఒకే మగ్గుతో కొలిస్తే చాలు. గుణుపురం వైపువారు వంశధార ఇసుక, పర్లాకిమిడివారు మహేంద్రతనయ ఇసుక వాడుకోవచ్చు. జల్లించి, సన్నది పారేసి, ముతకది ఉంచుకోవాలి. గోడలకు పూసే సన్న ఇసుక బంకమట్టితో కలిస్తే మేలు చేయకపోగా గచ్చులా గట్టిపడుతుంది.

ఊక గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే మన దగ్గర మిల్లుల పక్కన గుట్టలుగా పడి ఉండే దీన్ని ఎవరూ లెక్కచేయరు. ఊకలో సిలికా ఎక్కువ కావడం వల్ల త్వరగా కుళ్లదు. ఏడాదికి పైగా మట్టిలో గాలి దారులు తెరిచి ఉంచుతుంది. బజారులో ఖరీదు పెట్టి కొనే పెర్లైట్ అనే తేలికైన తెల్లరాతి గుళికలు చేసే పని చాలావరకు ఇదే చేస్తుంది. ఉప్పుడు బియ్యం ఆడే మిల్లు నుంచి తెచ్చుకుంటే ఇంకా మంచిది. వడ్లను ముందే ఉడకబెడతారు కనుక ఊకలో మిగిలిన గింజలు కుండీలో మొలకెత్తవు. పచ్చి బియ్యం మిల్లు ఊక తెస్తే మిరప కుండీలో వరి నారు చూడవలసి వస్తుంది. కాల్చి నల్లగా చేసిన ఊక కూడా పనికొస్తుంది, తెల్లటి బూడిద అయ్యేదాకా కాల్చకూడదు. బూడిద క్షారగుణంతో పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి లాగుతుంది.

కొబ్బరి పొట్టును ఇటుకల రూపంలో కోకోపిట్ పేరుతో అమ్ముతారు. ఐదు కిలోల దిమ్మ నానితే అరవై లీటర్లకు పైగా అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కొబ్బరి పీచును ఊరబెట్టేది తరచు ఉప్పునీటి కయ్యల్లో, సముద్ర తీరాన. పొట్టు తన ఒంటినిండా సోడియం, పొటాషియం పట్టుకుని వస్తుంది. కడగకుండా వాడితే ఆకుల అంచులు మాడుతాయి. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోయడం కనీసం మూడుసార్లు చేయాలి. అప్పుడు కూడా కొంత పొటాషియం అంటుకునే ఉంటుంది, పొట్టు దాన్ని వదిలి మొక్కకు అందవలసిన కాల్షియంను తనకు లాక్కుంటుంది. మిశ్రమంలో డోలమైట్ సున్నం కలపడానికి ఒక కారణం పులుపు విరగడం, రెండో కారణం ఇది. పది లీటర్ల మిశ్రమానికి రెండు టీ చెంచాలు చాలు. డోలమైట్‌లో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. కలిపి, తడిపి, రెండు వారాలు నీడన ఉంచాకే మొక్క నాటాలి. అయితే మీ బోరు నీళ్లు కాచిన గిన్నెలో తెల్లటి పెచ్చు కడుతుంటే సున్నం అసలు కలపకండి. ఆ నీళ్లే రోజూ సున్నం పోస్తున్నాయి.

పశువుల ఎరువు గురించి ఒక్క మాట. మన ఇళ్లలో గత్తం అంటాం, సంతలో ఒడియావారి దగ్గర గోబర ఖత అని అడగాలి. పేరు ఏదైనా, చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, అడవి మట్టి వాసన రావాలి. వెచ్చగా ఉంటే ఇంకా మాగలేదని అర్థం. పచ్చి పేడ కుండీలో వేడెక్కి, అమ్మోనియా వదిలి, లేత వేళ్లను కాలుస్తుంది.

ఇప్పుడు తిండి సంగతి. బస్తా మీద వరుసగా ఉండే మూడు అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్‌ల శాతాలు. యూరియాలో 46 శాతం నత్రజని, మిగతా రెండూ సున్నా. డీఏపీ 18-46-0. నీటిలో కరిగే 19-19-19లో మూడూ సమానం. ఇక్కడ చిన్న మోసం లాంటిది ఒకటి పాత ఆనవాయితీగా నడుస్తోంది. రెండో అంకె అసలు భాస్వరాన్ని కాక దాని ఆక్సైడును చెబుతుంది, మూడోది కూడా అంతే. అసలు భాస్వరం కావాలంటే రెండో అంకెను 0.44తో, పొటాషియం కావాలంటే మూడో అంకెను 0.83తో గుణించాలి. లీటరు నీటిలో ఒక గ్రాము 19-19-19 వేస్తే మొక్కకు 190 మిల్లీగ్రాముల నత్రజని, 83 మిల్లీగ్రాముల భాస్వరం, 158 మిల్లీగ్రాముల పొటాషియం చేరతాయి. నిండు ఎండలో కాపు మీదున్న మిరపకు అది సరిపడా భోజనం. కిటికీ పక్కన ఆరాకుల మీదున్న నారుకు అది విందు కన్నా ఎక్కువ.

నా చెంచా యూరియా లెక్క తర్వాత ఒకసారి వేసి చూశాను. యూరియా బస్తా 45 కిలోలు. ఎకరాకు ఒక బస్తా చల్లితే చదరపు మీటరుకు 11 గ్రాములు పడుతుంది. అడుగు వెడల్పున్న కుండీ నోటికి ఆ లెక్కన వచ్చేది గ్రాము కూడా కాదు, 0.8 గ్రాము. నేను వేసిన చెంచా సుమారు 4 గ్రాములు. ఎకరాకు ఐదు బస్తాలు ఒక్కరోజున కుమ్మరించినట్టు. అప్పటికే కుళ్లుతున్న వేళ్ల మీద ఆ ఉప్పదనం పడింది. ఎరువు కూడా ఉప్పులాగే పనిచేస్తుంది. మట్టి నీటిలో అది ఎక్కువైతే వేళ్లు నీటిని లాగలేవు. తడి మట్టిలో నిలబడి మొక్క దాహంతో వాడిపోతుంది.

అందుకే నా పద్ధతి ఇలా ఉంటుంది. పైన చెప్పిన మిశ్రమంలో పశువుల ఎరువు ఉంది కాబట్టి నాటిన మొదటి నెల ఏమీ వేయను. కొత్త ఆకులు చురుగ్గా రావడం మొదలయ్యాక వారానికి ఒకసారి లీటరు నీటికి అర గ్రాము 19-19-19. పూత పడ్డాక, మొక్క బాగా ఎండలో ఉంటే, గ్రాము వరకు. రసాయన ఎరువు ఇష్టం లేనివారు నెలకు ఒకసారి పిడికెడు వర్మికంపోస్టు, రెండు చెంచాల వేపపిండి పైమట్టిలో కలుపుకోవచ్చు. వేపపిండిలో సుమారు 5 శాతం నత్రజని ఉంటుంది, నెమ్మదిగా విడుదలవుతుంది. వేరుశనగ చెక్కలో ఇంకా ఎక్కువ, 7 శాతం దాకా. కానీ ఇంటి లోపల పెట్టే కుండీకి దాన్ని నేను సిఫారసు చేయను. కుళ్లే వాసన, దాని వెంట చిన్న నల్ల ఈగలు తప్పవు.

పూతకు వేరే సీసా కావాలా? పూల బొమ్మతో, భాస్వరం దట్టించి అమ్మే సీసాలు చూసి చాలామంది ఆశపడతారు. మొక్క ఒంట్లో నత్రజని, పొటాషియంలతో పోలిస్తే భాస్వరం పాలు చాలా తక్కువ, పూత సమయంలో కూడా. కాయ నింపుకోవడానికి ఎక్కువగా కావలసింది పొటాషియం. ఖర్చు పెట్టాలనే ఉంటే పొటాషియం నైట్రేట్, అంటే 13-0-45, చిన్న పొట్లం కొనుక్కుని వారం విడిచి వారం వాడితే పని జరుగుతుంది. మట్టి లేని పెంపకానికి ద్రవ ఎరువును రెండు సీసాల్లో, ఎ, బి అని విడివిడిగా ఎందుకు అమ్ముతారన్నది కూడా తెలుసుకోదగ్గది. చిక్కటి ద్రావణంలో కాల్షియం, భాస్వరం కలిస్తే తెల్లటి పిండిలా గడ్డకట్టి అడుగున చేరుతుంది, మొక్కకు రెండూ అందవు. ఇంట్లో కూడా కాల్షియం నైట్రేట్‌ను 19-19-19తో ఒకే సీసాలో కలిపి నిల్వ ఉంచకూడదు.

బియ్యం కడిగిన నీళ్ల మాట. పలచగా పోస్తే హాని లేదు, అందులో ఉన్న పోషకం కూడా అంతే పలచన. రోజూ పోస్తే మిగిలిన పిండి పులిసి ఈగలు పెడుతుంది. గుడ్డు పెంకుల్ని ముక్కలుగా వేస్తే మరుసటి ఏడాదికి కూడా ముక్కలుగానే కనిపిస్తాయి. పొడి చేస్తే కొంత నయం. కోరాపుట్ కాఫీ తాగేవారు మిగిలిన పిప్పిని కుండీలో వేయాలనుకుంటే ముందు ఎరువు గుంటలో మాగనివ్వాలి.

వెలుతురును మరిచిపోయి ఎరువు లెక్క వేయడం అర్థం లేని పని. ఆకు తిండి వండుకునేది వెలుతురుతో, ఎరువు అందులో పడే ఉప్పులాంటిది. వంట తగ్గితే ఉప్పు కూడా తగ్గాలి. రాయగడ 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే నెల మధ్య నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. శీతాకాలంలో ఎండ కుమ్మరించిన దక్షిణపు కిటికీ ఆ రెండున్నర నెలలు నీడలో ఉంటుంది, పైగా మబ్బు. నా మొక్కలు పోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అప్పుడు తక్కువ వెలుతురు, తక్కువ ఆవిరి. నీరు, ఎరువు రెండూ సగానికి సగం తగ్గించాలి. తెల్లటి ఎల్ఈడీ దీపాలు పెట్టుకునేవారు నారుకు అడుగు ఎత్తులో, రోజుకు 14 గంటల వరకు వెలిగిస్తే చాలు. కొమ్మలు సన్నగా సాగుతుంటే దీపాన్ని దగ్గరకు జరపాలి. ఎరువు పెంచితే ఇంకా సాగుతాయి.

ఆకు చెప్పే భాష నేర్చుకుంటే సగం తప్పులు తగ్గుతాయి. ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: రంగు మారింది పాత ఆకుల్లోనా, కొత్త ఆకుల్లోనా? నత్రజని, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో కదలగలవు. కొరత వస్తే మొక్క ముసలి ఆకుల నుంచి తీసి లేతవాటికి పెడుతుంది. కాబట్టి కింది ఆకులు మొత్తంగా పసుపైతే నత్రజని, అంచులు మాడితే పొటాషియం, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం. ఇనుము, కాల్షియం కదలవు, వాటి కొరత కొసల్లో కనిపిస్తుంది. కానీ కుండీ తడిగా ఉండి, కింది ఆకులు పసుపైతే ముందు వేళ్లను అనుమానించండి. వేరు కుళ్లిన మొక్క అన్ని కొరతల లక్షణాలూ ఒకేసారి చూపిస్తుంది. టమాటా కాయ అడుగు నల్లబడటం కూడా ఎక్కువగా ఇలాంటిదే. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండి ఒకరోజు మునిగే కుండీలో అది కాయదాకా చేరదు.

కోరాపుట్‌లో ఉన్న బంధువులు డిసెంబరులో టమాటా నారు ఆకుల అడుగు ఊదా రంగుకు మారిందని ఫోను చేస్తారు. పుస్తకంలో చూస్తే అది భాస్వరం కొరత. ఆ ఊరు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు చల్లగా ఉంటాయి. చల్లటి మట్టిలో వేళ్లు భాస్వరాన్ని అందుకోలేవు, ఎంత ఉన్నా సరే. కుండీని రాత్రిపూట గచ్చు మీద నుంచి పీట మీదకు ఎక్కించి, పగలు ఎండలోకి జరిపితే రెండు వారాల్లో కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. డీఏపీ అక్కర్లేదు.

ఎప్పుడు నీళ్లు పోయాలన్నదానికి నేను వాడే కొలత నా చేతులే. కుండీకి నిండా నీళ్లు పట్టించిన గంట తర్వాత ఒకసారి ఎత్తి బరువు గుర్తుపెట్టుకుంటాను. మళ్లీ రోజూ కొంచెం ఎత్తి చూస్తాను. సగం తేలికయ్యాక పోస్తాను, కింద రంధ్రం నుంచి కొంత కారేదాకా పోస్తాను. ఆ కారిన నీరు పాత ఎరువు ఉప్పును వెంట తీసుకుపోతుంది, కాబట్టి పళ్లెంలో మిగలనివ్వకుండా పారబోస్తాను. ఊక, పొట్టు కలిసిన మిశ్రమం కావడంతో పది లీటర్ల బకెట్‌ను మా అమ్మ కూడా సులువుగా ఎత్తగలుగుతుంది. గులకరాళ్లు వేయడం ఆవిడ మానేసింది. ఈ జూలైలో ఆరు మిరప మొక్కలున్నాయి, వాన ఐదో రోజు. నిన్న ఎత్తి చూస్తే ఇంకా బరువుగానే ఉన్నాయి. నీళ్లు పోయలేదు.